చెంబెడు నీళ్ళతో ఎంచుకున్న జీపు

డాక్టరమ్మ మమ్మల్ని జీపు కొనమని చెప్పలేదు. ఆమె చెప్పింది రెండే మాటలు: బస్సులో నిలబడి పోవద్దు, దూరం నడవద్దు. మిగతాది హనుమకొండ నుంచి మట్టెవాడకు రిక్షాలో తిరిగి వచ్చేలోపు నేను అనుకున్నది.

నా భార్య బడిపంతులమ్మ. ఏటూరునాగారం పోయే రోడ్డు మీద బస్సులో గంటకు పైగా పోయి, ఒక మలుపు దగ్గర దిగి, మట్టిబాటలో మూడు కిలోమీటర్లు నడిస్తే ఆమె బడి వచ్చేది. మధ్యలో ఒక వాగు. ఊరికంతా ఆమె ఒక్కతే టీచరు. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఆ ఏడు గడిస్తే అవుతుంది. అప్పటిదాకా పొడుగు సెలవు పెడితే ఉద్యోగం ఉంటుందో పోతుందో చెప్పగలవాళ్ళు ఎవరూ లేరు.

అంతకు ముందు రెండుసార్లు ఆమె కడుపు నిలవలేదు. రెండోసారి నొప్పి మొదలైంది ఆ వాగు దగ్గరే. ఆ రోజు డైరీలో ఒక వాక్యం రాశాను. దాన్ని నేను మళ్ళీ చదవలేదు గాని ఏ పేజీలో ఉందో తెలుసు.

ఇప్పుడు మూడో నెల. డెబ్బైల చివరి సంవత్సరాలు, వానలు మొదలైన రోజులు. స్కూటరు మీద కూర్చోవద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. కారయితే వాగు దగ్గర ఆగిపోతుంది. వాగు దాటి, మట్టిబాట దాటి బడి ముందర దించాలంటే జీపు ఒక్కటే దారి. కొత్తది కొనే స్తోమత మాకు లేదు. స్కూటరు అమ్మి, చిట్టీ ఎత్తితే పాత బండి వస్తుంది. నాకు మట్టెవాడలో పంపుసెట్ల సామాను దుకాణం ఉండేది. పొద్దున ఆమెను దించి వచ్చి దుకాణం తీయవచ్చు, మూడింటికి మూసి మళ్ళీ పోవచ్చు. బండి నడపడం నాకు చిన్నప్పుడే మా మేనమామ లారీ మీద అలవాటైంది.

ఇంత త్వరగా నిర్ణయించుకున్నవాడిని, బండి ఎంచుకోవడానికి మాత్రం పదకొండు రోజులు తీసుకున్నాను. నేను ఎంచుతున్న ప్రతి రోజూ ఆమె బస్సులోనే పోతోందని నాకు తెలుసు. అయినా తొందరపడలేకపోయాను. దుకాణంలో ఒక వాషరు తప్పు ఇస్తే రైతు మళ్ళీ వచ్చి మార్చుకుంటాడు. ఇక్కడ తప్పయితే మార్చుకునేది ఏమీ లేదు.

ఒక పాత నోటు పుస్తకంలో ఇరవై మూడు అంశాలు రాసుకున్నాను. ఇంజను పొగ ఏ రంగు, బ్రేకు ఎంత లోపలికి పోతుంది, స్టీరింగు ఎంత వదులు, ఛాసిస్‌కు అతుకులు ఉన్నాయా, రేడియేటరు కారుతుందా. అన్నిటికంటే ముందు రాసుకున్నది కమాన్ కట్టల గురించి, అంటే చక్రాల మీద బరువు మోసే ఇనుప పట్టీల గురించి. జీపు ఎంత గట్టిదో అంత కుదిపే బండి. బస్సు కుదుపు తప్పించబోయి అంతకంటే పెద్ద కుదుపులో ఆమెను కూర్చోబెడతానేమో అన్నదే నా భయం. ఏ బండి ఎంత కుదుపుతుందో మాటల్లో ఎవరిని అడిగినా "మస్తుంటది సేటు" అనే అంటారు. అందుకని ఇంట్లోంచి ఇత్తడి చెంబు తెచ్చాను. మెడ కింద వేలెడు వదిలి నీళ్ళు నింపేవాడిని. ఆమె కూర్చోబోయే ముందు సీటు మీద, కదలకుండా చుట్టూ గోనెసంచి చుట్టి పెట్టి, ఖిలా వైపు గుంతల రోడ్డు మీద ఒకే వేగంతో పోయి వచ్చేవాడిని. తిరిగి వచ్చాక ఎంత మిగిలిందో పుల్లతో కొలిచి రాసుకునేవాడిని.

మా దుకాణం వెనక షెడ్డులో ఉండే మెకానిక్కు మేస్త్రీ నాకు బండ్లు చూపించేవాడు. మొదటిసారి చెంబు చూసినప్పుడు అతను నాతో పాటు వెనక ఎక్కి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తిరిగి వచ్చాక అన్నాడు: "సేటు, నువ్వు జీపు కొంటానవా, పాలు అమ్ముతానవా?"

మొదటిది ఒక కంట్రాక్టరు జీపు. కంకర మోసి మోసి కమాన్లు నిటారుగా అయిపోయాయి. చెంబులో రెండు వేళ్ళ నీళ్ళు మిగిలాయి, గోనెసంచి పిండితే కారింది. రెండోది ఒక భూస్వామిది. ఇంజను కొత్తది, సీట్లు మెత్తనివి. మా అమ్మ వీధిలోకి వచ్చి చూసి, ఇదే తీసుకోమంది. కిందికి దూరి చూస్తే ఛాసిస్‌కు రెండు చోట్ల వెల్డింగు ఉంది. ఎక్కడో పడి లేచిన బండి. చెంబు సగం ఖాళీ అయింది. వద్దన్నాను. ఆ సాయంత్రం నా భార్య బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి కాళ్ళు వాచి ఉన్నాయి. మంచం మీద కూర్చుని, ఇంకా ఎన్ని చెంబుల నీళ్ళు పోయాలని అడిగింది. నవ్వుతూనే అడిగింది గాని నేను నవ్వలేకపోయాను.

మూడోది మేస్త్రీ తనే వేలంలో పట్టిన సర్కారు జీపు. రేకు టాపు. కొత్తగా మీగడ రంగు వేయించాడు. ఇంజను గొంతు బాగుంది. కింద అతుకులు లేవు. కమాన్లు ఇంకా వంపు పోకుండా ఉన్నాయి. అన్నేళ్ళ బండికి ఇవి ఇట్లా ఎలా ఉన్నాయని అడిగితే మేస్త్రీ చెప్పాడు:

"ఇది మైకు బండి సేటు. ఉరికిన బండి గాదు. మైకు కట్టుకొని ఊర్లల్ల మెల్లగ తిరిగింది, గంతే. నువ్వేం ఫికర్ జెయ్యకు."

టాపు మీద లప్పంతో పూడ్చిన నాలుగు రంధ్రాలు కనిపించాయి. మైకు బిగించిన చోటు. వాన కారవచ్చు అని పుస్తకంలో రాసుకున్నాను. కాగితాలు సక్రమం అని రాసుకున్నాను. రంగు కొత్తది, తుప్పు లేదు అని రాసుకున్నాను. చెంబులో నీళ్ళు అర వేలు మాత్రమే తగ్గాయి. రెండోసారి పోయి వచ్చాను, అంతే తగ్గాయి. ఆ సాయంత్రమే మాట ఇచ్చేశాను. మైకులో ఏం చెప్పడానికి తిరిగిందో అడగాలని నాకు తోచలేదు.

మొదటి రెండు వారాలు నేను కొంత నిమ్మళంగా నిద్రపోయాను. మలుపు దగ్గర మట్టిబాట ఎక్కాక మొదటి గేరులోనే పోయేవాడిని. సైకిళ్ళు మమ్మల్ని దాటిపోయేవి. వాగులో మోకాలి లోతు నీళ్ళున్నా జీపు ఆగలేదు. ఆమె ఒక చేత్తో ఇనుప కడ్డీ, ఒక చేత్తో పొట్ట పట్టుకుని కూర్చునేది. నేను ఆమె ముఖం చూడకుండా ఆ రెండో చెయ్యినే చూసేవాడిని. అది బిగిస్తే బండి ఆపేవాడిని.

వాగు దాటాక ఊరి పొలాలు మొదలవుతాయి. చేలల్లో మనుషులు కనిపించకపోవడం నేను గమనించాను గాని దాని గురించి ఆలోచించలేదు. నాట్ల రోజుల్లో పొలాల్లో అంత నిశ్శబ్దం ఎందుకుంటుందని నన్ను నేను అడగవలసింది. ఆమెకు ముందు తెలిసింది. రిజిస్టరులో నలభై పేర్లుంటే పలికేది తొమ్మిది. ఎవరి ఇంటికి పోయి అడిగినా, పొలం పని అన్నారు, జ్వరం అన్నారు. దసరా ముందు పై అధికారి తనిఖీకి వస్తాడు. తొమ్మిదిమంది పిల్లలతో బడి చూపిస్తే ఆమె ఉద్యోగం పర్మినెంటు కావడం సంగతి అటుంచి, బడే ఉండకపోవచ్చు.

చివరికి బడి ఊడ్చే అవ్వ చెప్పింది. నేను ఆ సాయంత్రం ఆమెను తీసుకుపోవడానికి వచ్చి గడప దగ్గర నిలబడి ఉన్నాను. అవ్వ నా వైపు చూడకుండా నా భార్యతోనే మాట్లాడింది.

"పంతులమ్మా, నీ మీద మాకేం లేదు. గా బండే. మూడేండ్ల కింద గదే బండి, గదే హారను. పిల్లలు కాకుండ ఆపరేషన్ జేస్తరని మైకుల చెప్పుకుంట అచ్చింది. పట్టుకపోతరని ఊర్ల మొగోడు ఒక్కడు నిలువలే. నా కొడుకుకు అప్పటికి పెండ్లి గూడ కాలె. జొన్నచేన్ల మూడు రాత్రులు పండుకొని జరం తెచ్చుకున్నడు."

నేను ఆ బండి అది కాకపోవచ్చు అన్నాను. అవ్వ అప్పుడు నన్ను చూసింది.

"మా ఎడ్లను మేము గుర్తువట్టమా సారూ? సప్పుడు ఇంటె తెలుస్తది."

ఇంకా అనుమానం ఉంటే అదీ తీరిపోయింది. ఆ వారమే జీపు రెండు పక్కలా మీగడ రంగు గులాబీ రంగుకు తిరగసాగింది. ముందు మరకలాగా, తరువాత అంచులతో సహా, తలకిందులుగా ఉన్న త్రికోణం. ఆ కుటుంబ నియంత్రణ గుర్తు తెలియనివాళ్ళు ఆ రోజుల్లో లేరు, గోడల మీద, బస్సుల మీద అంతటా ఉండేది. కింద ఉన్న ఎరుపు వానకూ ఎండకూ పైరంగులోంచి ఊరి వచ్చింది. మొదట చూసింది మా అమ్మ. జీపు దగ్గరికి పోయి వేలితో రుద్ది, కొంగుకు తుడుచుకుని వచ్చింది.

"పిల్లలొద్దని చెప్పేటందుకు తిరిగిన బండిల, కడుపుతోనున్న పిల్లను ఎక్కిస్తానవ్. నీకు సదువుంది గద కొడుకా."

రంగుకూ కడుపుకూ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోలేదు. రెండుసార్లు పోయిన ఇంట్లో ఎవరి మాటా ఉత్త మాటగా వినిపించదు.

మేస్త్రీ దగ్గరికి పోయి గట్టిగానే మాట్లాడాను. అతను చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"నువ్వు ఇరవై మూడు అడిగినవ్ సేటు. నేను ఇరవై మూడు చెప్పిన. గిది అడిగినవా?"

మళ్ళీ రంగు వేయిస్తానని తనే అన్నాడు. పాత రంగు గీకి, కింద సిల్వరు కోటు వేసి, ఎండాలంటే వారం పైనే పడుతుంది, వానలు ఆగకపోతే ఇంకా ఎక్కువ. ఆ వారం ఆమె బస్సులో పోవాలి. పైగా రంగు మారితే చప్పుడు మారదు కదా. అమ్మేద్దామంటే, మరో బండికి మరో పదకొండు రోజులు. ఏ దారి చూసినా చివర ఆమె నడుస్తూ కనిపించేది.

వాగుకు ఇవతలే ఆపుదామని నేనే అన్నాను. చప్పుడు ఊరిదాకా పోదు, ఆమె ఒక కిలోమీటరు నడిస్తే చాలు. మొదటి రోజు పిల్లలు నలుగురు ఎక్కువ వచ్చారు. నాకు ధైర్యం వచ్చింది. రెండో రోజు సాయంత్రం ఆమె వాగు దాటి నా దగ్గరికి వస్తున్నప్పుడు నీళ్ళ మధ్యలో ఆగిపోయింది. నేను చెప్పులు విడిచి పరుగెత్తాను. ఆమె నా భుజం పట్టుకుని, ఏమీ లేదు, నడుము లాగింది అంతే అంది. ఇంటికి వచ్చాక చూస్తే అంతే కాదు. కొద్దిగా రక్తం కనిపించింది.

డాక్టరమ్మ మూడు రోజులు మంచం దిగవద్దంది. ఆ మూడు రోజులూ నేను దుకాణం తీయలేదు. డైరీలో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అని మూడు గీతలు గీసి, ప్రతి గీత ఎదుట "లేదు" అని రాసేవాడిని. మూడో రోజు సాయంత్రం తొమ్మిదో "లేదు" రాశాక, ఉద్యోగం మానేద్దామని ఆమెతో అన్నాను. మా అమ్మ కూడా తల ఊపింది. ఆమె గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఇటు తిరగకుండానే మాట్లాడింది.

"మానేసి ఇంట్ల కూసున్నంక గూడ పోతె? అప్పుడు దేని మీదికి నెడతం?"

అప్పుడు ఇటు తిరిగి, రేపు బండి వాగు ఇవతల ఆపవద్దని, బడి ముందర కూడా ఆపవద్దని చెప్పింది. తిన్నగా ఊరి మధ్యకు, ఆడవాళ్ళు నీళ్ళు పట్టే బోరింగు దగ్గరికి పోనివ్వమంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. మా అమ్మకు అయింది.

మా ఇంట్లో అప్పటిదాకా ఆ కడుపు సంగతి బయట ఎవరికీ చెప్పలేదు. అంతకు ముందు రెండుసార్లూ చెప్పలేదు. దిష్టి తగులుతుందని మా అమ్మ ఆమెకు వదులు జాకెట్లు కుట్టించి, కొంగు రెండు మడతలుగా కప్పుకోమనేది. పక్కింటివాళ్ళు అడిగితే గ్యాసు అని చెప్పేది. అట్లాంటిది ఊరి ఆడవాళ్ళందరి కళ్ళముందు దిగుతానంటే మా అమ్మ లేచి నిలబడింది. ఏడ్చింది కూడా.

"చూస్తె చూడనియ్ అత్తమ్మా," అంది ఆమె. "దాచిపెట్టంగనే రెండు పోయినయ్."

మరునాడు నేను నడిపినంత మెల్లగా ఆ బాటలో ఎవరూ నడిపి ఉండరు. వాగు దాటాక హారను కొట్టమని ఆమే చెప్పింది. కొట్టాను. చేలల్లో ఒక తల లేచి, వంగి, కనిపించకుండా పోయింది. ఊళ్ళో తలుపులు పడుతున్న చప్పుడు వినిపించింది. బోరింగు దగ్గర మాత్రం ఏడెనిమిదిమంది ఆడవాళ్ళు బిందెలు వదిలి పోలేక నిలబడి ఉన్నారు. ఇంజను ఆపాను. ఆమె కడ్డీ పట్టుకుని, ఒక కాలు కింద పెట్టి, ఆగి, రెండో కాలు పెట్టింది. కొంగు తీసి నడుముకు చుట్టి దోపుకుంది. పక్కకు తిరిగి, ఎవరినీ పలకరించకుండా, ఒక చెంబు నీళ్ళిమ్మని అడిగింది.

ఎవరూ కదలలేదు. నేను స్టీరింగు వదలలేదు. అన్ని కళ్ళూ ఒక్క చోటనే ఉన్నాయి. మా అమ్మ భయపడ్డది ఇదే కదా అనుకున్నాను. బండి తిప్పి ఆమెను ఎక్కించుకుని పోవాలనిపించింది.

అవ్వ ఎటునుంచి వచ్చిందో వచ్చింది. అడగకుండానే ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టింది.

"ఎన్నో నెల?"

"ఐదో నెల నడుస్తున్నది."

"గీ బండిలనేనా అచ్చుడు?"

"రోజు గీ బండిలనే. నడిచిన దినమే నొప్పి లేసింది."

అవ్వ జీపు పక్కనున్న త్రికోణాన్ని చూసింది, మళ్ళీ పొట్టను చూసింది. బిందె మీద చెయ్యి వేసి నిలబడ్డ ఒక పడుచు పిల్ల అంది: "సర్కారు నౌకరి ఇడిసినంక బండికి బుద్ధి మారినట్టుంది అవ్వా."

మొదట నవ్వింది అవ్వే. తరువాత మిగతావాళ్ళు. ఒకామె నీళ్ళిచ్చింది. ఇంకొకామె అట్లా నిలబడవద్దని తిట్టి అరుగు మీద కూర్చోబెట్టింది. నా సంగతి వాళ్ళు పూర్తిగా మరిచిపోయారు.

ఆ రోజు పిల్లలు పదిహేనుమంది వచ్చారు. వారం తిరిగేసరికి ముప్పై దాటారు. తనిఖీ గడిచింది. ఊరి మగవాళ్ళలో కొందరు మాత్రం దీపావళిదాకా నా బండి చప్పుడుకు చేలో పక్కకు జరుగుతూనే ఉన్నారు, అలవాటు పోక. రంగు మళ్ళీ వేయించలేదు. వేయించాలంటే వారం ఆగాలి, ఆగే ధైర్యం నాకు లేదు. మా అమ్మ ప్రతి శనివారం ఉప్పు, మిరపకాయలు కోడలి చుట్టూ తిప్పి, అదే చేత్తో జీపు చుట్టూ కూడా తిప్పేది. మొదట్లో నేను ముఖం తిప్పుకునేవాడిని. తరువాత ఆమె మరిచిపోతే గుర్తు చేసేవాడిని.

ఆరో నెల, ఏడో నెల అని రాసుకుంటూ పోయానే గాని సంతోషం అని ఎక్కడా రాయలేదు. రాస్తే ఏమైనా అవుతుందని భయం. డాక్టరమ్మ కాగితం రాసి ఇచ్చాక, ఎనిమిదో నెలలో సెలవు దొరికింది. చలికాలంలో, హనుమకొండ ప్రసూతి దవాఖానలో మాకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారని నర్సు చెప్పాక కూడా, నేను రెండోసారి చెప్పించుకుని విన్నాను.

పాపకు మూడు నెలలప్పుడు, సెలవు అయిపోయి ఆమె మళ్ళీ బడికి పోతున్న రోజుల్లో, ఒక పొద్దున ఆమెను దించి తిరిగి వస్తుంటే వాగు దగ్గర అవ్వ బాట మధ్యలో నిలబడి ఉంది. రెండు చేతులూ చాపి ఉంది. పక్కన చెట్టు కింద ఆమె కొడుకు, కోడలు. ఆ కోడలికి నెలలు నిండాయి, నొప్పులు మొదలై చాలాసేపయింది. మంత్రసాని చెయ్యి ఎత్తేసిందట.

"బండి ఆపు బిడ్డా. దవాఖానకు తోల్కపోవాలె."

జొన్నచేలో పడుకున్న ఆ కొడుకు తలుపు తీసి, భార్యను ఎత్తి ముందు సీటు మీద కూర్చోబెట్టాడు. తను అవ్వతో పాటు వెనక ఎక్కాడు. మెల్లగా పోతే ఆలస్యమవుతుంది, వేగంగా పోతే కుదుపవుతుంది. ఏది తక్కువ ప్రమాదమో లెక్క వేసుకునే వ్యవధి లేదు. ఆ అమ్మాయి కడ్డీ పట్టుకుంది. పెదవి కొరుక్కుంటూ నా వైపు తిరిగింది.

"అన్నా, గీ బండిల పోతె పిల్లలు బతుకుతరా?"

మా పాప బాగుందన్న మాట అప్పటిదాకా నేను బయట ఎవరితోనూ అనలేదు. అడిగినవాళ్ళకు ఏదో ఉంది లెమ్మని చెప్పేవాడిని.

"మా పాపకు మూడు నెలలు," అన్నాను. "నువ్వు కూసున్న సీటు మీదనే పెరిగింది. మంచిగున్నది చెల్లె."

ఆమె వెనక్కి తిరిగి అత్తను చూసింది. అవ్వ అవునన్నట్టు తల ఊపింది. ముందర పెద్ద గుంత వస్తోంది. ఆమెను గట్టిగా పట్టుకొమ్మని చెప్పి, గేరు తగ్గించాను.